డ్రైవరు కంటి కట్టు

ఆ వానాకాలమంతా నేను మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. కాలు నయమయ్యేదాకా అనుకుని వెళ్ళాను.

పడింది నాటకాల హాలు మెట్ల మీద. ఆ రోజు నాతో నాటకాలు చూసే స్నేహితులెవరూ రాలేదు. నాటకం అయ్యాక జనం దిగిపోయారు. వెనక వరసలో కూర్చుంటాను కాబట్టి నేనే ఆఖరు. చీలమండ విరిగింది. ఫోను నా కింద పడి నలిగిపోయింది. వాచ్‌మన్ తాళాలు వేయడానికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

అన్నయ్య ఆస్పత్రికి వచ్చి తిట్టలేదు. నా చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. "మెట్ల మీద ఎంతసేపు ఉన్నావు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను.

అన్నయ్యది లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. వదిన ఒక బడి ఆఫీసులో గుమాస్తా. నేను రిటైరయ్యేదాకా ఒకే పత్రికలో విలేకరిగా చేశాను. పెళ్ళి చేసుకోలేదు. ఊరికి అవతలి చివర, హాలుకి దగ్గర్లో, అద్దె గదిలో ఉండేదాన్ని. నాకు యాభై తొమ్మిదేళ్ళు. అన్నయ్య ఇంట్లో నన్ను అమ్మాయి అనే పిలుస్తారు.

కొత్త ఫోను కొనుక్కుంటానన్నాను. "ఇంట్లో టాబ్ ఉందిగా, ఇంకోటెందుకు?" అన్నాడు అన్నయ్య. ఆ టాబ్ హాల్లో, టీవీ పక్కన, స్టాండు మీద ఉంటుంది. అందరిదీ. అందులోనే నా స్నేహితుల మెసేజీల గ్రూపు పెట్టించాడు.

గ్రూపు పేరు వెనక వరస. నలుగురం. నాటకాల హాల్లో ఏళ్ళ తరబడి వెనక వరసలో పక్కపక్కన కూర్చుని స్నేహితులమైనవాళ్ళం. లైబ్రేరియన్, నా ఈడుది. పుస్తకాలంటే ప్రాణం అంటుంది గాని టీవీ సీరియల్ వచ్చే వేళకి ఏ పుస్తకమైనా మూసేస్తుంది. రెండోవాడు లైట్లు. నాటకాలకి లైట్లు వేస్తాడు, మాకంటే చిన్నవాడు, మమ్మల్ని అక్కా అంటాడు. మూడో ఆయన ప్రాంప్టరు. స్టేజి పక్కన తెర చాటున కూర్చుని, నటుడు మాట మరిచిపోతే అందించే పని. మాకందరికీ పెద్ద. తమకి పని లేని నాటకాలకి వీళ్ళిద్దరూ వచ్చి మా పక్కన కూర్చునేవాళ్ళు.

"మొదటి మాట అందించాలి, అంతే," అనేవాడాయన. "వాక్యం మొత్తం చెప్పేస్తే నటుడికి అవమానం. ఇక స్టేజి మీదకి వెళ్ళడమంటారా, నా జన్మలో చేయను."

గ్రూపులో ఏదైనా మాట్లాడుకుంటాం. ఎవరింట్లో పైపు కారుతోంది, ఏ సీరియల్లో ఎవరు చచ్చి బతికారు, ఏ పుస్తకం సగంలో ఆపేశాం. నాటకానికి మాత్రం ఒక పద్ధతుంది. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి రంగం తర్వాత రంగం చెప్పాలి. ఎవరు రాశారు, ఎవరు వేశారు, ఎక్కడ ఆడారు అన్నది చివర్న తెర అని టైపు చేసేదాకా చెప్పకూడదు. ఎవరూ అడగకూడదు. ముందే పేరు తెలిస్తే పేరుని చూసి మెచ్చుకుంటారని ప్రాంప్టరు పెట్టిన నియమం.

సాయంత్రం వదిన బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టాబ్ ముందు కూర్చునేది. నా గ్రూపులో వచ్చినవన్నీ పైకి చదివేది. ఆవిడకి గొంతులు మార్చడం సరదా. లైబ్రేరియన్‌కి ఒక గొంతు, లైట్లుకి ఒకటి. వాళ్ళని ఎన్నడూ చూడలేదు గాని గొంతులు సరిగ్గా అలాగే ఉండేవి.

"ఏమే అమ్మాయ్, మీ లైబ్రేరియన్ ఆ సీరియల్లో అత్తని వెనకేసుకొస్తోంది, చూడు! నేనేమంటానో టైపు చెయ్యి."

చేసేదాన్ని. వదినకి ఆ గంట కోసం రోజంతా ఎదురుచూపు. నాకూ అంతే. కాకపోతే నా మాటలు కూడా ఆవిడ గొంతులోనే వినేదాన్ని.

కట్టు ఉన్న రోజుల్లో ఒకసారి, "ఇక్కడ ఊపిరాడట్లేదు," అని రాశాను లైబ్రేరియన్‌కి. వదిన అది చదివింది. సగంలో గొంతు మామూలుదైపోయింది. అన్నయ్య వదిన వైపు తిరిగి, "నువ్వేమన్నావు దాన్ని?" అన్నాడు. వదిన నన్నేమీ అనలేదు. ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆ పూట ముగ్గురం భోజనాల దగ్గర కూర్చున్నాం గాని ఎవరూ సరిగ్గా తినలేదు. మర్నాడు వదిన నా మంచం కిటికీ దగ్గరికి జరిపించింది, గాలి ఆడుతుందని.

ఆ తర్వాత అలాంటివి రాయలేదు.

వానలు పట్టాక కట్టు విప్పారు. డాక్టరు నన్ను గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి, "కర్ర వదిలేయండి. ఎంత నడిస్తే అంత మంచిది," అన్నాడు. అన్నయ్య పక్కనే ఉండి విన్నాడు. దార్లో ఒక షాపు దగ్గర బండి ఆపి, కర్ర అడుగుకి కొత్త రబ్బరు తొడుగు కొన్నాడు.

"నేల తడిగా ఉంటోంది. పాతది జారుతుంది," అన్నాడు.

"డాక్టరు కర్ర వద్దన్నాడు కదా అన్నయ్యా. ఆదివారం నన్ను గది దగ్గర దింపేయి."

"గదా?" అన్నాడు. "ఇంటాయనతో మాట్లాడేశాను. సామాను రేపొస్తుంది."

సామాను వచ్చింది. పుస్తకాల పెట్టెలు నా మంచం కింద పట్టాయి. కొన్ని పట్టక సజ్జ మీదకెక్కాయి.

ఎంత చెప్పినా అన్నయ్య గొంతు పెంచడు. అదే కష్టం. "మళ్ళీ మొదలెట్టావా?" అంటాడు నవ్వుతూ. "ఏం తక్కువైందిక్కడ?" ఒకసారి మాత్రం వివరంగా చెప్పాడు. "నా సర్వీసులో, ఆగిపోయిన లిఫ్టులో ఉండిపోయి చచ్చినవాణ్ణి చూడలేదు. తలుపు వంచుకుని బయటికి దూకబోయినవాళ్ళే పోయారు. లోపల ఉన్నవాడికేం కాదు, అమ్మాయ్. వస్తారు, తీస్తారు."

పొద్దున్నే అన్నయ్య ముందు వెళ్ళేవాడు. తర్వాత వదిన. వెళ్తూ వరండా గ్రిల్ తలుపుకి బయట తాళం వేసేది. కట్టు ఉన్నప్పుడు మొదలైంది ఆ అలవాటు, నేను కుంటుకుంటూ వచ్చి గడియ వేయాల్సిన పని లేకుండా. తాళంచెవులు రెండు. అన్నయ్య దగ్గరొకటి, వదిన దగ్గరొకటి. కట్టు విప్పాక కూడా తాళం పడుతూనే ఉంది. అడిగాను. "ఒక్కదానివే ఉంటావు, దొంగల భయం," అంది వదిన. నిజంగానే ఆవిడకి భయం.

గ్రిల్‌లోంచి వీధి కనపడేది. ఎదురింటి కింద ఇస్త్రీ బండి. వాన వస్తే అతను బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని కిందే నిలబడి ఇస్త్రీ చేసేవాడు. నేను అటూ ఇటూ నడిచేదాన్ని. సాయంత్రం తాళం చప్పుడు వినగానే కర్ర అందుకునేదాన్ని. అందుకోకపోతే ఇద్దరూ కంగారుపడేవాళ్ళు.

అప్పుడు మొదలెట్టాను నాటకం.

"ఎప్పుడో చూసిందొకటి గుర్తొచ్చింది, చెప్పనా?" అని రాశాను. ముగ్గురూ సరే అన్నారు.

చూడలేదు. అలాంటి నాటకం లేదు. ఒక బస్సు డ్రైవరు. రిటైరయ్యాడు. రెండు కళ్ళకీ దెబ్బ తగిలి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా తమ్ముడి ఇంట్లో ఉంటాడు. మొదటి రంగంలో తమ్ముడు చెయ్యి పట్టుకుని బాత్‌రూముకి తీసుకెళ్తాడు, అన్నం కలిపి పెడతాడు. రెండో రంగంలో కట్టు విప్పుతారు. అన్నీ కనపడుతుంటాయి. తమ్ముడు మాత్రం చెయ్యి వదలడు. మూడో రంగానికి డ్రైవరే తడుముకుంటూ నడవడం మొదలెడతాడు, తమ్ముడు చిన్నబుచ్చుకోకుండా.

చెల్లెల్ని డ్రైవరుని చేశాను, అన్నని తమ్ముణ్ణి చేశాను. ఎవరైనా పోల్చుకోవాలని ఉంది. ఆ ఇంట్లో వాళ్ళు పోల్చుకోకూడదనీ ఉంది.

"భలే కామెడీ అక్కా!" అని రాశాడు లైట్లు. "తడుముకునేటప్పుడు లైటు ఫుల్లుగా వేయాలి. జనం పడి పడి నవ్వుతారు."

"కామెడీ ఏంట్రా, నీ మొహం," అంది లైబ్రేరియన్. "కానీ విలేకరీ, ఇక్కడ రచయిత తప్పు చేశాడే. వాడు డ్రైవరు. ఊరంతా తిప్పినవాడు. చెయ్యి విదిలించుకుని పోవచ్చుగా? నమ్మబుద్ధి కావట్లేదు ఆ పాత్ర."

"ఎలా పోతాడు? తమ్ముడు మంచివాడు," అని రాశాను.

"మంచివాడైతే ఏంటట? సీరియల్లో అయితే ఈ పాటికి వంటింట్లో పళ్ళెం విసిరేసేవాడు."

వదిన ఇవన్నీ పైకి చదివేది. డ్రైవరుకి కూడా ఒక గొంతు కుదిర్చింది, కొంచెం బొంగురుది. చదివి చదివి ఒక రోజు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాపం ముసలాయన. ఆ తమ్ముడి పెళ్ళానికైనా బుద్ధుండక్కర్లా?"

"తమ్ముడు చేసిందాంట్లో తప్పేముంది?" అన్నాడు అన్నయ్య. పేపరు చదువుతున్నాడనుకున్నాను. వింటున్నాడు. "కట్టు విప్పిన కొత్తలో రోడ్డు మీదకెళ్ళి ఏ లారీ కిందో పడితే?"

"కళ్ళు కనపడుతున్నాయిగా!" అంది వదిన.

"కనపడేవాళ్ళు పడట్లేదా?"

నేను కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అన్నయ్య లేచి టాబ్ దగ్గరికొచ్చాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. "నేను విలేకరి అన్నయ్యని. ఈ నాటకంలో తమ్ముణ్ణి అందరూ తప్పు పడుతున్నారు. ఆగిన లిఫ్టులో ఉన్నవాడు లోపలే ఉండటం క్షేమం. నా వృత్తిరీత్యా చెబుతున్నాను."

తర్వాత లైట్లు రాశాడు. "నమస్కారమండీ. మరి లిఫ్టు లోపల గంట ఎందుకు పెడతారండీ?"

అన్నయ్య చదువుకుని మళ్ళీ అక్షరాలు వెతుక్కున్నాడు. "మోగించాలి. మోగిస్తే మేము వెళ్తాము. మోగించకుండా దూకకూడదు."

"అదీ పాయింటే," అంది లైబ్రేరియన్. "డ్రైవరు ఒక్కసారైనా నోరు విప్పి అడిగాడా అని."

అన్నయ్యకి ఆ మాట నచ్చింది. ఆ రోజు నుంచి ఆయన కూడా వదిన పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఇవాళ డ్రైవరు సంగతేంటి?" అనేవాడు షూలు విప్పుతూ. రంగం తర్వాత రంగం చెబుతూ పోయాను. నాలుగు, ఐదు, ఆరు. డ్రైవరు అడగబోతాడు. తమ్ముడు ఏదో ఒకటి చేస్తాడు, కళ్ళకి చల్లగా ఉంటుందని దోసకాయ ముక్కలు తేవడమో, మంచం జరపడమో. డ్రైవరు మాట మింగేస్తాడు. ఎలా ముగించాలో నాకు తెలియలేదు. ముగ్గురు స్నేహితులు, ఇంట్లో ఇద్దరు, అందరూ నాటకం చూస్తున్నారు. చూస్తున్నకొద్దీ తలుపు ఇంకా బిగుసుకుంటున్నట్టు ఉండేది నాకు.

ప్రాంప్టరు ఒక్కడే ఏమీ రాయలేదు. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. వాన వెలిసి చెట్ల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వరండాలోకి వెళ్ళాను. గ్రిల్‌కి అవతల ప్రాంప్టరు, చేతిలో గొడుగు, చంకలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పుస్తకం.

"విలేకరిగారూ, ఎలా ఉన్నారు? ఈ పుస్తకం మీరు అడిగినట్టు గుర్తు. తలుపు తీయండి, కాసేపు కూర్చుంటాను."

"బయట వేసుందండీ."

ఆయన కిందికి చూశాడు. తాళంకప్పని చేత్తో పట్టుకుని తిప్పి చూసి వదిలేశాడు. అది గ్రిల్‌కి తగిలి మోగింది.

"తాళంచెవి?"

"అన్నయ్య దగ్గరొకటి, వదిన దగ్గరొకటి."

"మీ దగ్గరో?"

"దొంగల భయమండీ ఈ వీధిలో."

ఆయన వెనక్కి తిరిగి వీధి చూశాడు. ఇస్త్రీ బండాయన పట్టా దులుపుతున్నాడు. "అవునా," అన్నాడు.

పుస్తకం ఊచల మధ్య నుంచి ఇవ్వబోయాడు. పట్టలేదు. నిలువుగా తిప్పాడు, అడ్డంగా తిప్పాడు. అట్ట వంచితే పట్టేదేమో. ఆయన పుస్తకాల అట్టలు వంచడు. చివరికి బయట గోడ మీద పెట్టాడు. నా చేతికి అందేంత దూరంలో లేదు.

"కర్రేదీ?" అన్నాడు.

నా కాళ్ళ వైపు చూసుకున్నాను. బెల్లు వినగానే గబగబా వచ్చేశాను. "లోపలుంది."

"ఆ డ్రైవరుకి కట్టు విప్పింది రెండో రంగంలోనేనా?"

"రెండో రంగంలోనే."

"ఇంకా చెయ్యి పట్టుకునే నడిపిస్తున్నారు."

"నడిపిస్తున్నారు."

ఆయన గొడుగు కొనతో చెప్పుకంటిన బురద గీకాడు. "ఈ ఊళ్ళో ఆడిన నాటకాల్లో నేను ప్రాంప్టింగ్ చేయనివి వెనక వరసలో చూసినవే. దీనికి చేసిన గుర్తూ లేదు, చూసిన గుర్తూ లేదు," అన్నాడు. కొంచెం ఆగి, "వస్తానమ్మా," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వదిన తాళం తీసి, పుస్తకం పట్టుకుని లోపలికొచ్చింది. "ఇదెవరు పెట్టారే గోడ మీద?"

"ప్రాంప్టరుగారు వచ్చారు వదినా."

"అయ్యో, ఆయనా! లోపలికి పిలిచి కూర్చోబెట్టలేకపోయావా, కాసిని టీ నీళ్ళిచ్చి..." అని ఆగిపోయింది. పుస్తకం కవరు తడిగా ఉంటే తుడిచింది. టాబ్ ముందు కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోనే ఉంది.

అన్నయ్య వచ్చాడు. "డ్రైవరు సంగతేంటి?"

"ఇదుగో, ఇవాళ ప్రాంప్టరుగారు రాశారు, మొదటిసారి," అని వదిన గొంతు సవరించుకుంది. ఆయనకి ఇంకా ఏ గొంతూ ఖాయం చేయలేదు. మామూలు గొంతుతోనే చదివింది. "డ్రైవరు మాట మరిచిపోయినట్టున్నాడు. మొదటి మాట అందిస్తున్నాను." కింద ఇంకో వరస ఉంది. "తాళంచెవి."

"నాటకంలో తాళం ఎక్కడుంది?" అన్నాడు అన్నయ్య.

అదే ప్రశ్న గ్రూపులో లైబ్రేరియన్ కూడా అడిగింది. వదిన ఆవిడ గొంతులో చదవడం మొదలెట్టింది. "మధ్యలో ఈ తాళమెక్కడ..." అక్కడిదాకా వచ్చేసరికి గొంతు మామూలుదైపోయింది. ఒళ్ళో ఉన్న బ్యాగు మీద చెయ్యి వేసింది.

అన్నయ్య ఒక షూ విప్పాడు. రెండోది విప్పలేదు. నా వైపు చూశాడు, నా ఒళ్ళో కర్ర వైపు చూశాడు, దాని అడుగున రబ్బరు తొడుగు వైపు చూశాడు. కొత్తది కొన్నట్టే ఉంది, అరగలేదు.

"ఎప్పట్నుంచి మోగిస్తున్నావు?" అన్నాడు.

"కట్టు విప్పినప్పట్నుంచి."

తలూపాడు. రెండో షూ విప్పి, రెండూ తీసుకెళ్ళి వాటి చోట పెట్టాడు. వదిన టీవీ పెట్టింది. ముగ్గురం సీరియల్ చూశాం. ఎవరు ఎవరిని ఏమన్నారో నాకు గుర్తులేదు.

మర్నాడు అన్నయ్య వెళ్ళాడు. తర్వాత వదిన వెళ్ళింది. గ్రిల్ మూసిన చప్పుడు వినపడింది. తాళం చప్పుడు కోసం చూశాను. రాలేదు. హాల్లోకి వస్తే టాబ్ పక్కన, ప్రాంప్టరు పుస్తకం మీద, తాళంకప్ప ఉంది. తాళంచెవి దాంట్లోనే ఉంది. ఇద్దరిలో ఎవరు పెట్టారో నేను అడగలేదు.

గ్రిల్ తీసి మెట్టు దిగాను. ఇస్త్రీ బండి దాటి వీధి మలుపుదాకా వెళ్ళాను. అక్కడ ఆగి చూసుకుంటే చేతిలో కర్ర ఉంది. ఎప్పుడు అందుకున్నానో తెలియదు. కుంటుతూ నడిచి వచ్చాను. బాగైన కాలుతో కుంటుతున్నాను. ఎవరూ చూడట్లేదు కూడా. ఇంట్లోకొచ్చి గడియ వేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఆ పూటకి అంతే.

కర్ర లేకుండా మలుపు తిరగడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

నా పాత గదిలో అప్పటికే ఎవరో దిగారు. వానలు తగ్గుముఖం పట్టాక, హాలు వెనక వీధిలో ఇంకో గది దొరికింది, మొదటి అంతస్తులో. అన్నయ్య వద్దనలేదు. సామాను తనే తెచ్చాడు. పెట్టెలు కింద దించి, ముందు మెట్ల పక్క రెయిలింగ్ పట్టుకుని ఊపి చూశాడు. మెట్ల లైటు స్విచ్చి పైనుంచోసారి, కిందనుంచోసారి వేసి చూశాడు. తర్వాత పెట్టెలు ఎక్కించాడు. ఆఖరి పెట్టె దించి దాని మీదే కూర్చున్నాడు.

"నీ నాటకంలో తమ్ముణ్ణి ఇంకొంచెం బాగా రాయాల్సింది."

"ఎలాగ?"

"డ్రైవరుకి ఒంటరిగా ఎన్ని రంగాలున్నాయి? తమ్ముడికి ఒక్కటి కూడా ఇవ్వలేదు. మీ అన్న ఆస్పత్రిలో ఉన్నాడని ఫోనొస్తుంది కదా. అప్పుడు వాడేం చేశాడో రాయాల్సింది."

"ఏం చేశాడు?"

అన్నయ్య రెయిలింగ్ దుమ్ము అంటిన చేతులు దులుపుకున్నాడు. "చెప్పులు వేసుకోకుండా వచ్చాడు. వచ్చాక గాని చూసుకోలేదు."

ఆస్పత్రిలో అన్నయ్య చేతిలో నా చెప్పులు చూశాను. కాళ్ళ వైపు చూడలేదు. ఇన్నేళ్ళు విలేకరిగా చేసి, అది చూడలేదు.

వెళ్తూ తలుపు గడియ పరీక్షించాడు. బయట నిలబడి, "వేసుకో," అన్నాడు. లోపల్నుంచి వేసుకున్నాను. గడియ పడిన చప్పుడు విన్నాకే మెట్లు దిగాడు.

కొత్త ఫోను తీసి, ఆఖరి రంగం రాశాను. స్టేజి మీద తమ్ముడు ఒక్కడే. ఫోను మోగుతుంది. వింటాడు. తలుపు తీసుకుని పరిగెడతాడు. గుమ్మం దగ్గర అతని చెప్పులు అలాగే ఉంటాయి. కింద తెర అని టైపు చేశాను.

"ఎవరు రాశారే? ఎవరు వేశారు?" అని లైబ్రేరియన్ వెంటనే అడిగింది. ఆ చెప్పుల మీద లైటు ఎంతసేపు ఉంచాలని లైట్లు అడిగాడు.

ప్రాంప్టరు రాశాడు. "ఈ ఆఖరి రంగం మీది కాదు."

"కాదు," అని రాశాను. "మా అన్నయ్యది."